పేరు చెప్పని సహోదరుడి మెదడు

ఆ సోమవారం పొద్దున జీవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తిని, టీచరైన భార్య మేబెల్ బడికి బయలుదేరేదాకా పేపరు చదువుతున్నట్టు కూర్చుని, ఆమె గేటు దాటగానే మల్కాజ్‌గిరి బస్సెక్కి, అక్కడి మందుల షాపులో విటమిన్ మాత్రలు కొనుక్కుని, ఆమె తిరిగి వచ్చేలోపు ఇంటికి చేరడం. మెట్టుగూడలో మందుల షాపులు లేక కాదు. ఉన్నవాటిలో ఒకదాని యజమాని వాళ్ళ చర్చి సంఘంలో పెద్ద. ఇంకోదాని యజమాని భార్య స్త్రీల సమాజంలో సభ్యురాలు. మెట్టుగూడలో కొన్న మాత్ర గొంతు దిగేలోపే దాని పేరు ప్రార్థనలో వినబడుతుంది.

జీవరాజు రైల్వే క్లెయిముల ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషి. పోయిన సరుకుకు సంజాయిషీలు రాయడంలో జీవితం గడిపినా, అతని అసలు కీర్తి వాక్య పోటీలో ఉంది. ఏటా మెట్టుగూడ, కార్ఖానా, మల్కాజ్‌గిరి సంఘాలు స్టేషను దగ్గరి పెద్ద హాలులో కూడి, లేఖనాల మీద ప్రశ్నలు వేసుకుని, ఒక కప్పు కోసం పోటీపడతాయి. మెట్టుగూడకు జీవరాజు కెప్టెన్. కార్ఖానాకు మేబెల్ అన్న ఏసురత్నం కెప్టెన్. మల్కాజ్‌గిరివాళ్ళు భోజనానికి వస్తారని అందరూ అనుకునేవారు. ప్రవక్తను మింగింది పెద్ద చేపా, తిమింగలమా అనే విషయంలో బావలిద్దరికీ జీవరాజు పెళ్ళి విందులో మొదలైన వాదన ఇంకా ముగియలేదు. జీవరాజుది చేప, ఏసురత్నానిది తిమింగలం. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఉద్యోగాలకు వెళ్ళారు; చేప చేపగానే ఉంది, తిమింగలం తిమింగలంగానే ఉంది.

అటువంటి జీవరాజు ఈమధ్య ఒక ఆదివారం వాక్యం చెబుతూ, లోకంలో అందరికంటే ఎక్కువ కాలం బతికిన ముసలాయన తండ్రి పేరు మరిచిపోయాడు. అరనిమిషం నిలబడి, దగ్గి, నీళ్ళు తాగి, పాటలోకి దిగిపోయాడు. ఎవరూ గమనించలేదు. అతను మాత్రం ఆ అరనిమిషంలోంచి ఇంతవరకు బయటికి రాలేదు. అతని తండ్రి కూడా వాక్యంలో దిట్టే. ఆఖరి రోజుల్లో చెయ్యి వణకడం మొదలై, తరువాత పేర్లు పోయి, చివరికి కన్న కొడుకును పోస్ట్‌మ్యాన్ అనుకుని, తనకు ఉత్తరాలేమైనా ఉన్నాయా అని మర్యాదగా అడిగేవాడు.

అప్పటినుంచి జీవరాజు తన మెదడును తానే తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. పొద్దున లేవకముందే సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా స్టేషన్ల పేర్లు వరసగా చెప్పుకునేవాడు. అన్నీ గుర్తొస్తే సంతోషించాల్సింది పోయి, మధ్యలో ఏదో ఒకటి వదిలేశానేమోనని అనుమానపడేవాడు. మరిచిపోయిన సంగతే మరిచిపోతే, మరిచిపోయినట్టు తెలిసేదెట్లా? ఈ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న మనసులో దూరితే అద్దె కట్టని కిరాయిదారులాంటిది, వెళ్ళమంటే వెళ్ళదు.

అప్పుడే పేపర్లో ఆరోగ్యం పేజీ అతని కంటబడింది. నరాల జబ్బుల్లో మెదడు కణాలు ఒక్కొక్కటే దెబ్బతింటాయనీ, బి-పన్నెండు తక్కువైతే మతిమరుపు, తిమ్మిర్లు వస్తాయనీ, ఈ-విటమిన్ లాంటివి కణాలకు కాపలా కాస్తాయేమో శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారనీ అందులో ఉంది. కాపలా సంగతి ఇంకా రుజువు కాలేదనీ, డాక్టరును అడగకుండా వాడవద్దనీ ఆఖరి వాక్యం. ఆ వాక్యాన్ని జీవరాజు రైలు టికెట్టు వెనక షరతులను జనం చదివినట్టు చదివాడు. తన మెదడు అతనికి పాత ఆఫీసులాగే కనిపించింది. ఒక్కొక్క గుమాస్తా సీటు వదిలి గేటు దాటిపోతున్నాడు. గేటు దగ్గర ఒక్క విటమిన్ నిలబడి ఉంటే చాలు.

మల్కాజ్‌గిరిలో మందుల షాపు సోమయ్య తీరిగ్గా ఉన్నాడు. మాత్రలు ఎవరికని అడిగాడు. బంధువుకని జీవరాజు చెప్పాడు. వయసెంతంటే తన వయసేనన్నాడు.

"తక్లీఫ్ ఏందీ సార్?"

"మరిచిపోతున్నాడు."

"గట్లయితే ఆయన్నే తోల్కొని రావాలె గద. సరే తియ్యి. ఈ బి-కాంప్లెక్సు పొద్దుగాల, ఈ-విటమిన్ రాత్రికి. జెర పచ్చగ పోస్తరు, పరేషాన్ కావద్దని చెప్పుండ్రి మీ బంధువుకు."

జీవరాజు తల ఊపి, మాత్రలను గడ్డం గీసుకునే డబ్బాలో దాచి, మర్నాడు పొద్దున ఒకటి మింగాడు. మధ్యాహ్నానికి స్నానాలగదిలో నిలబడి కిందికి చూసుకుని నిర్ఘాంతపోయాడు. అంత పసుపు అతను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. మెదడు కరిగి ఈ దారిన వెళ్ళిపోతున్నదని ఒక్క క్షణం నమ్మాడు. తరువాత సోమయ్య మాట గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే, సోమయ్య చెప్పిన సంగతి తాను మరిచిపోయానన్న సంగతి గుర్తొచ్చి, పీల్చుకున్న ఊపిరి అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రం మేబెల్ చీర అంచు దారం తెంపడానికి బ్లేడు కోసం ఆ డబ్బా తెరిచింది. మాత్రలు చూసింది. మూసేసింది. బడిలో సైన్సు టీచర్ని అడిగితే, వీటిని నరాల బలహీనతకు, మెదడు కణాలు దెబ్బతినకుండా వాడతారని చెప్పింది. మేబెల్ మొగుణ్ణి అడగలేదు. దాచుకున్న మనిషిని అడిగితే ఇంకా లోతుగా దాచుకుంటాడని ఆమె అనుభవం. అందుకని అడగవలసిన మాట మొగుణ్ణి తప్ప అందరినీ అడిగే ఏర్పాటు ఒకటుంది కాబట్టి, బుధవారం స్త్రీల సమాజానికి వెళ్ళింది.

ఆ సమాజంలో ఒక మర్యాద ఉంది. ఇబ్బందికరమైన విషయమైతే పేరు చెప్పకుండా ప్రార్థన చేయమని కోరవచ్చు. పేరు ఎవరూ అడగరు. అడగవద్దన్నారు కాబట్టి ప్రతివాళ్ళూ మనసులో కనిపెట్టుకుంటారు.

"ఒక సహోదరుడి కోసం ప్రార్థన చేయండి," అంది మేబెల్. "మా ఇంటి మనిషే. మెదడు నరాల తక్లీఫ్. ఎవరికీ చెప్పుకోడు. వాక్యంలో అంత దిట్టయిన మనిషికి ఇట్లా అయితుంటే చూడలేకపోతున్న."

సమాజానికి పెద్దదిక్కు రోసమ్మ కళ్ళు మూసుకునే లెక్క తేల్చేసింది. మొగుడికే జబ్బయితే మేబెల్ చీర కుచ్చిళ్ళు అంత పొందిగ్గా ఉండవు. పైగా పోయిన నెలలో ఏసురత్నం ఒక పెళ్ళికని వెళ్ళి, పక్క హాలులో దూరి, ముక్కూ మొహం తెలియని జంటను మనసారా దీవించి, భోజనం చేసి వచ్చాడని కథలు కథలుగా చెప్పుకున్నారు. ఇంకేం కావాలి? ఆమె ఇంటికి వెళ్ళి మొగుడు ప్రభుదాసుతో చెప్పింది. గురువారం సాయంత్రం పురుషుల ప్రార్థనకూటంలో ప్రభుదాసు మోకాళ్ళూని, పేరు మాత్రం చెప్పకుండా, మిగతాదంతా చెప్పేశాడు.

"ప్రభువా, కార్ఖానాలో ఉన్న మా సహోదరుని మెదడు కణములను ఒక్కొక్కదానినిగా కాపాడుము. మా సంఘంలోని ఆయన చెల్లెలి కుటుంబమును ఆదరించుము."

జీవరాజు ఒక కన్ను తెరిచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. జీవరాజు భుజాన గుమ్మడికాయ మోస్తూ పక్కవాడి భుజం వైపు చూశాడు. అతనికి మొదట కలిగింది జాలి కాదు. తనకు కాదు, బావకు వచ్చిందన్న తేలిక. ఆ తేలికను తాను అనుభవిస్తున్నట్టు మరుక్షణమే పట్టుకుని సిగ్గుపడ్డాడు. సిగ్గు వెనకాల నిజమైన జాలి వచ్చింది. సిగ్గును కప్పిపుచ్చాలి కాబట్టి ఆ జాలి ఉండవలసిన దానికంటే పెద్దదిగా వచ్చింది. ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అతనే.

మర్నాడు పొద్దున మేబెల్ అతని ఉప్మాలో నెయ్యి రెట్టింపు వేసి, ఎదురుగా నిలబడి చూస్తోంది. అన్నగారి మీది దుఃఖం కళ్ళలో ఎట్లా దాచుకుంటున్నదోనని అతని గుండె కరిగింది.

"నాకు తెలిసింది మేబెల్."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ప్రార్థనలో తెలిసింది. ఈ బరువు నువ్వొక్కదానివే మోయాలనుకున్నావు. అదే నా బాధ."

"మీరు బెంగపెట్టుకుంటారని చెప్పలేదండీ."

"బెంగ ఎందుకుండదు? ఇన్నేళ్ళ అనుబంధం."

తన మెదడు గురించి ఒక మనిషి ఇంత ఆత్మీయంగా మాట్లాడటం మేబెల్‌కు వింతగా తోచింది. అయినా, జబ్బులో మాటలు అట్లాగే ఉంటాయనుకుంది. రేపటి పోటీ మాటేమిటని నెమ్మదిగా అడిగింది.

"పోటీకి రానివ్వాలి. గెలవనివ్వాలి," అన్నాడు జీవరాజు. "ఇదే ఆఖరుదేమో."

మేబెల్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె బడికి వెళ్ళాక జీవరాజు బత్తాయిలు కొని, తన మాత్రల్లో సగం జేబులో వేసుకుని కార్ఖానా వెళ్ళాడు.

తలుపు తీసిన ఏసురత్నం బత్తాయిలను, బావను మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్ళలో జీవరాజు ఆ ఇంటికి వాదన తప్ప ఏదీ తెచ్చి ఎరగడు.

"ఏంది బావా, పండ్లు తెచ్చినవ్? అంత మంచిదేనా?"

జీవరాజు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఆరోగ్యం పేజీలో ఉన్నది గుర్తు తెచ్చుకుని, దగ్గరివాళ్ళను పోల్చుకోగలుగుతున్నాడో లేదో ముందు చూడాలనుకున్నాడు.

"బావా, నేనెవరో చెప్పు."

ఏసురత్నం ముఖంలో రంగు మారింది. ఒక్కొక్క మాటే విడదీసి, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు జీవరాజువి. మా మేబెల్ మొగుడివి. ఇది కార్ఖానా. నువ్వు బస్సుల వచ్చినవ్."

ఒక్కొక్క మాటకు ఎంత కష్టపడుతున్నాడోనని జీవరాజు కళ్ళు చెమర్చాయి. ఈ స్థితిలో ఉన్న మనిషితో ఇక వాదనలెందుకు? ఇన్నేళ్ళు గట్టిగా పట్టుకున్నదాన్ని వదిలేశాడు.

"అది తిమింగలమే బావా. నువ్వు చెప్పిందే నిజం."

ఏసురత్నం చేతిలోని టీ కప్పు సాసరులో గడగడలాడింది. జీవరాజు ఆ వణుకును చూసి తండ్రిని తలుచుకున్నాడు. అది చేతి వణుకు కాదు. జీవరాజు వాదన ఒప్పుకున్నాడంటే అతని తలలో ఏదో ఆరిపోయిందన్న భయం ఆ చేతిదాకా వచ్చింది. జీవరాజు మాత్రలు తీసి బావ అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు.

"మెదడు కణాలకు మంచివి. నేనూ ఇవే వేసుకుంటున్నాను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

"లేదు బావా, లేదు. సిగ్గెందుకు?" అన్నాడు ఏసురత్నం. అతను బావను చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా తెచ్చి, ఆటో ఎక్కించి, డ్రైవరుకు గుర్తులన్నీ చెప్పి, ఒక చీటీ రాసి జీవరాజు చొక్కా జేబులో పెట్టాడు. దారిలో జీవరాజు తీసి చూస్తే అది తన ఇంటి చిరునామా. పాపం, సొంత చెల్లెలి ఇంటి చిరునామా కూడా రాసుకుంటే తప్ప గుర్తుండని స్థితికి వచ్చాడు మనిషి అనుకున్నాడు.

శనివారం హాలు నిండింది. వేదిక మీద మూడు బల్లలు. మెట్టుగూడ బల్ల దగ్గర జీవరాజు, కార్ఖానా బల్ల దగ్గర ఏసురత్నం, చివర మల్కాజ్‌గిరి కెప్టెన్ జ్ఞానమణి. ఆమె అక్కడ డాక్టరు; రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఆవలిస్తోంది. ప్రశ్నలు వేసేది మెట్టుగూడ పాస్టరు అబ్రహాం అయ్యగారు. కెప్టెన్లే జవాబు చెప్పాలి. ఒకరు వదిలేసిన ప్రశ్న పక్క బల్లకు పోతుంది.

ఇనుప మంచం ఉన్న రాజు ఎవరని అయ్యగారు జీవరాజును అడిగారు. జీవరాజుకు రాజు పేరే కాదు, మంచం పొడవు వెడల్పులు కూడా తెలుసు. అతను తల అడ్డంగా ఊపి, బావ చెప్పనీ అన్నట్టు మృదువుగా అటు చూశాడు. ఏసురత్నం కళ్ళు దించుకుని, తనకూ తెలియదన్నాడు. అంత తేలికైనది కూడా పోయిందా అని జీవరాజు గుండె కలుక్కుమంది. ప్రశ్న మల్కాజ్‌గిరికి వెళ్ళింది. జ్ఞానమణి ఆవలింత ఆపి జవాబు చెప్పింది.

ఎడమచేతి వాటం న్యాయాధిపతి ఎవరని ఏసురత్నాన్ని అడిగితే, అతను తడబడి, జీవరాజు వైపు ఆశగా చూశాడు. జీవరాజు, బావ పరువు పోకూడదని తానూ తడబడ్డాడు. ప్రశ్న మళ్ళీ జ్ఞానమణికి వెళ్ళింది. ఇట్లా ప్రేమ పెరిగిన కొద్దీ మల్కాజ్‌గిరి మార్కులు పెరిగాయి. కిటికీలోంచి నిద్రలో పడిపోయిన కుర్రవాడు అటే పోయాడు, మాట్లాడిన గాడిదా అటే పోయింది. మెట్టుగూడవాళ్ళు బిత్తరపోయి చూస్తున్నారు. అయ్యగారు చెమట తుడుచుకుని, జాలిపడి, అసలు కాగితంలో లేని ప్రశ్న వేశారు.

"దేవుడు చేసిన మొదటి మనిషి పేరేమిటి?"

బావలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. ఇద్దరూ నోరు మెదపలేదు. ఇందులో ఏదో మోసం ఉందేమోనని అనుమానిస్తూనే జ్ఞానమణి జవాబు చెప్పింది.

అప్పుడు వెనక వరసలోంచి రోసమ్మ లేచింది. పోటీ ఆపి ప్రార్థన మొదలుపెట్టమని కోరింది. కార్ఖానా సహోదరుడి జబ్బు సంగతి తమకు ముందే తెలుసనీ, అది తమ కెప్టెన్‌కు కూడా అంటుకున్నట్టు ఉందనీ చెప్పింది. అంటుకునే జబ్బనేసరికి ముందు వరసవాళ్ళు కొందరు వెనక్కి జరిగారు. అయ్యగారు మాత్రం ధైర్యంగా వెళ్ళి ఏసురత్నం తల మీద చెయ్యి పెట్టారు.

"నాకెందుకయ్యగారూ?" అన్నాడు ఏసురత్నం. "జబ్బు మా బావకు. నిన్న మా ఇంటికొచ్చి నేనెవర్ని అని అడిగిండు. తిమింగలం అని సుత ఒప్పుకున్నడు."

పాపం అతనికి తెలియదులెమ్మని జీవరాజు అయ్యగారికి సైగ చేశాడు. ఆ సైగ ఇంకా గాల్లో ఉండగానే మేబెల్ లేచి నిలబడింది. ఆమె గొంతు క్లాసులో అటెండెన్సు పిలిచినట్టు స్పష్టంగా వచ్చింది.

"నేను ప్రార్థన చేయమన్నది మా అన్న కోసం కాదు. మా ఆయన కోసం. డబ్బాలో మాత్రలు దాచుకున్నది ఆయన."

జీవరాజుకు గురువారం సాయంత్రం గుర్తొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, కన్నీళ్ళు పెట్టుకుని, గట్టిగా ఆమెన్ అని, తాను మనసారా జాలిపడిన ఆ దౌర్భాగ్యుడు తానే. పరాయివాడనుకున్నప్పుడు ఎంత నిర్మలంగా ప్రేమించాడు. తానని తెలిసేసరికి ఎంత కోపం వస్తోంది. ఆ కోపంలో అతను మైకు లాక్కుని, ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నీ, అడిగిన వరసలోనే, జవాబులతో, అధ్యాయం, వచనం నంబర్లతో సహా ఏకబిగిన అప్పజెప్పేశాడు. మొదట్లో మరిచిపోయిన ముసలాయన తండ్రి పేరు కూడా ఎవరూ అడగకపోయినా చెప్పాడు. ఏసురత్నం ఊరుకుంటాడా? తన బల్ల దగ్గరే నిలబడి, ఒక వచనం నంబరు తప్పన్నాడు. జీవరాజు తప్పు కాదన్నాడు. పనిలో పనిగా, ప్రవక్తను మింగింది చేపేనని మైకులో ప్రకటించాడు. చెల్లెలి మొగుడు బాగుపడ్డాడని ఏసురత్నం ముఖం వెలిగిపోయింది. వెలుగుతూనే కాదు, తిమింగలమేనన్నాడు.

గొడవ సద్దుమణిగాక జ్ఞానమణి కప్పు చంకలో పెట్టుకుని వచ్చి, జీవరాజును కూర్చోబెట్టి, చేతులు చాపమంది, వేళ్ళు ముక్కుకు ఆనించమంది, నాలుగు ప్రశ్నలు వేసి అసలు సంగతంతా రాబట్టింది.

"ఒక పేరు గుర్తురాకపోవడం జబ్బు కాదంకుల్. అది మళ్ళీ జరుగుతుందేమోనని కాపలా కూర్చోవడం జబ్బు. విటమిన్ తక్కువైతే నరాలు దెబ్బతినేది నిజమే. తక్కువ లేనివాళ్ళు మింగితే మెదడు కణాలకు కాపలా కాస్తాయని మాత్రం ఇంకా తేలలేదు. రక్తం పరీక్ష చేయించుకోండి, మీ నాన్నగారి సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. గడ్డం డబ్బాలో దాచుకుని మింగకండి."

రక్తం పరీక్షలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నరాల డాక్టరు చూసి, ఆయన వయసుకు ఆయన మెదడు దివ్యంగా ఉందని చెప్పాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మేబెల్ నెయ్యి మామూలుకు తగ్గించింది. ఏసురత్నం మాత్రం ఆ సగం మాత్రలు తిరిగి ఇవ్వలేదు. ఎందుకైనా మంచిదని తానే వేసుకున్నాడు. వాటివల్ల వచ్చే పసుపు రంగు గురించి బావ ముందే చెప్పనందుకు ఒకరోజు ఫోన్లో చాలా గట్టిగా కోప్పడ్డాడు.

ఆ తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కమిటీ కూర్చుంది. జీవరాజు డాక్టరు మాటను గర్వంగా వినిపించాడు. ఇక తన కెప్టెన్ పదవికి ఏ ఢోకా లేదన్న ధీమాతో కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రభుదాసు, వచ్చే ఏటికి వేరే కెప్టెన్‌ను చూసుకుంటున్నామని మర్యాదగా చెప్పాడు.

మెదడు పాడైందని తేలి ఉంటే జాలికొద్దీ ఉంచేవాళ్ళమేననీ, అది ఇంత బాగుండి కూడా మొదటి మనిషి పేరు చెప్పనివాణ్ణి ఉంచడానికి మాత్రం సంఘం నియమాలు ఒప్పుకోవనీ చెప్పి, ముగింపు ప్రార్థన చేయమని అతన్నే కోరాడు.